పీక కొనేముందు దాని మెడ చూడండి: పాసిఫయర్ వల్ల పసిపిల్లల పళ్ళవరస చెడకుండా చూసుకోవడం ఎలా

మా అమ్మాయికి రెండున్నరేళ్ళప్పుడు ఒకరోజు బ్రెడ్డు ముక్క చేతికిచ్చాను. ముందుపళ్ళతో కొరికింది, తెగలేదు. మళ్ళీ కొరికి లాగింది, అయినా తెగలేదు. చివరికి ముక్కని నోటి పక్కకి తిప్పుకుని దవడపళ్ళతో పట్టి తుంచుకుంది. అనుమానమొచ్చి ఎదురుగా కూర్చుని, "పళ్ళు గట్టిగా కలిపి చూపించు తల్లీ" అన్నాను. వెనకపళ్ళు చక్కగా కలిశాయి. ముందర మాత్రం పైపళ్ళకీ కిందిపళ్ళకీ మధ్య కోలగా ఒక సందు, అందులోంచి నాలుక కొస కనిపిస్తోంది. పక్కనే పడున్న పీక, అంటే తను చప్పరించే పాసిఫయర్, తీసి ఆ సందు దగ్గర పెట్టి చూశాను. పీక మెడ అందులో అచ్చుపోసినట్టు ఇమిడిపోయింది.

ఆ పీక డబ్బా మీద 'ఆర్థోడాంటిక్' (పళ్ళవరసకి అనువైనది) అని పెద్ద అక్షరాలతో ఉంది. ఆ మాట చూసే కొన్నాను. ఆ మాట చూసే నిశ్చింతగా, లెక్క చూసుకోకుండా పిల్ల నోట్లో ఉంచాను కూడా.

తర్వాత పిల్లల దంతవైద్యురాలిని విసిగించి అడిగి తెలుసుకున్నవీ, చదివి తెలుసుకున్నవీ, రెండో బిడ్డ దగ్గర ఆచరించినవీ ఒక క్రమంలో పెట్టి రాస్తున్నాను. పీక ఆకారం వల్ల తేడా ఉంటుంది, నిజమే. అయితే ఆ ఆకారంలో మనం చూడాల్సింది చప్పరించే బుడిపె కన్నా దాని వెనకున్న సన్నని మెడని. అంతకన్నా ముఖ్యంగా చూడాల్సింది గడియారాన్ని, బిడ్డ వయసుని.

1. ముందు మీ నోట్లోనే ఒక ప్రయోగం చేయండి

పెదాలు మూసి, ముక్కుతో గాలి పీలుస్తూ ఊరికే ఉండండి. ఇప్పుడు మీ నాలుక ఎక్కడుందో గమనించండి. చాలామందికి అది అంగిలికి ఆనుకుని, పైపళ్ళ వెనక చిగురుని తాకుతూ ఉంటుంది. ఇప్పుడు శుభ్రంగా కడుక్కున్న బొటనవేలిని నోట్లో పెట్టుకుని గట్టిగా చప్పరించండి. రెండు సంగతులు తెలుస్తాయి. నాలుక అంగిలిని వదిలి కిందికి దిగిపోయింది. బుగ్గలు లోపలికి లాక్కుని పైపళ్ళని రెండు పక్కల నుంచీ నొక్కుతున్నాయి.

పసిబిడ్డ నోట్లో పీక చేసేది ఇదే. పైదవడ వంపు రెండు బలాల మధ్య పెరుగుతుంది. లోపల్నుంచి నాలుక దాన్ని వెడల్పు చేస్తుంది, బయట్నుంచి బుగ్గలు దాన్ని అదుపులో ఉంచుతాయి. పీక నోట్లో ఉన్నంతసేపూ నాలుక కిందనే ఉండిపోవాలి కాబట్టి లోపలి ఆసరా పోతుంది, బుగ్గల ఒత్తిడిదే పైచేయి అవుతుంది. పసివాళ్ళ అంగిలి మధ్య అతుకు ఇంకా గట్టిపడి ఉండదు, ఎముక లేతగా ఉంటుంది. నెలల తరబడి ఇలా సాగితే పైదవడ ఇరుకై, అంగిలి పైకి లోతుగా పోతుంది. అదే సమయంలో కిందికి దిగిన నాలుక కింది దవడని వెడల్పు చేస్తుంది. చివరికి పై దవడపళ్ళు కిందివాటికి లోపలి పక్కన పడతాయి. దీన్నే క్రాస్ బైట్ అంటారు. అప్పుడు పళ్ళు సరిగ్గా కలవక, బిడ్డ నమలడానికి కింది దవడని ఒక పక్కకి జరుపుకోవడం మొదలుపెడుతుంది. అది అలవాటైతే ముఖం ఎదుగుదల కూడా ఒక పక్కకి ఒరగవచ్చు.

ముందుపళ్ళ సంగతి వేరు. అక్కడ పీక మెడ అడ్డంగా ఉంటుంది. పళ్ళు చిగుళ్ళలోంచి బయటికొస్తూ ఎదుటి పన్ను తగిలేదాకా పెరగాలి. మధ్యలో మెడ అడ్డుపడితే అక్కడే ఆగిపోతాయి. మా అమ్మాయి నోట్లో నేను చూసిన సందు అదే, పేరు ఓపెన్ బైట్. పైపళ్ళు ముందుకి పొడుచుకొచ్చే ఎత్తుపళ్ళు కూడా కొందరిలో కనిపిస్తాయి.

ఈ రెండు దారులూ మనసులో ఉంచుకోండి: బుడిపె నాలుకని దించి దవడని ఇరుకు చేస్తుంది, మెడ పళ్ళని కలవనివ్వదు. పీక ఎంచుకునేటప్పుడు ఈ రెండే మీకు దారి చూపిస్తాయి.

2. అసలు పీక అవసరమా అని నిర్ణయించుకోండి

చప్పరించడం పసివాళ్ళకి పుట్టకముందు నుంచే ఉన్న గుణం. కడుపులో ఉండగానే వేలు నోట్లో పెట్టుకున్న బిడ్డలు స్కానింగులో కనిపిస్తారు. ఆకలి లేకపోయినా చప్పరిస్తే వాళ్ళకి ఊరట. నెలలు నిండకుండా పుట్టి ఆసుపత్రిలో ఉన్న పసికందులకి పీక చాలా సాయం చేస్తుంది, సూది నొప్పిని తగ్గించడానికి కూడా వాడతారు. కాబట్టి పీకని దోషిలా చూడనక్కర్లేదు.

పెద్ద సంస్థల సలహాలు కూడా ఒకే దిక్కుగా లేవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ కలిసి 1989లో తల్లిపాల కోసం రూపొందించిన పది సూత్రాల్లో, తల్లిపాలు తాగే బిడ్డలకి పీకలు ఇవ్వొద్దనే ఉండేది. 2018లో సవరించినప్పుడు, వాటి వాడకం గురించి, వాటి ప్రమాదాల గురించి తల్లికి వివరించాలి అని మార్చారు. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ మాత్రం 2005 నుంచీ, నిద్రలో పసిబిడ్డలు హఠాత్తుగా చనిపోయే ప్రమాదాన్ని తగ్గించడానికి నిద్రపుచ్చేటప్పుడు పీక ఇవ్వడాన్ని సమర్థిస్తోంది. మొదటి ఏడాదిలో పీకకున్న అతిపెద్ద మేలు ఇదేనని నా నమ్మకం. పళ్ళ భయంతో ఆ మేలుని వదులుకోమని నేను చెప్పను.

ఇవ్వాలనుకుంటే ఇలా మొదలుపెట్టండి. తల్లిపాలు బాగా కుదురుకునేదాకా, అంటే సాధారణంగా మొదటి మూడు నాలుగు వారాలు, పీక జోలికి వెళ్ళకండి. ఏడ్చిన బిడ్డకి ముందు పాలు ఇవ్వండి, పక్కబట్ట తడిసిందేమో చూడండి, ఎత్తుకోండి. పీకది ఆ తర్వాతి వరస. బిడ్డ వద్దని ఉమ్మేస్తే బలవంతపెట్టకండి. నిద్రలో నోట్లోంచి జారిపోతే మళ్ళీ పెట్టకండి. ఈ ఆఖరి మాట పళ్ళకి కూడా చాలా మంచిది, ఎందుకో అయిదో అడుగులో చెబుతాను.

తల్లి రొమ్ము తాగేటప్పుడు నాలుక, దవడ, బుగ్గలు కలిసి చేసే పని వేరు. రొమ్ము మెత్తగా బిడ్డ నోటికి తగ్గట్టు తనే సాగి ఒదుగుతుంది. ఎక్కువకాలం తల్లిపాలు తాగిన పిల్లల్లో పళ్ళవరస లోపాలు తక్కువగా కనిపిస్తాయి. ఎంత గొప్పగా తయారుచేసినా పీక అలా ఒదగదు, అది తన ఆకారానికే నోటిని ఒదిగించుకుంటుంది.

3. చేతిలోకి తీసుకుని, వెనక నుంచి ముందుకి పరీక్షించండి

అందరం పీకని బుడిపె వైపు నుంచి చూస్తాం. మీరు పక్క నుంచి చూడండి.

మొదట మెడ. బుడిపెకీ, పెదాలకి ఆనే బిళ్ళకీ మధ్య ఉండే భాగం అది. పైచిగురూ కిందిచిగురూ (తర్వాత ముందుపళ్ళు) పట్టుకుని ఉండేది దీన్నే. అది ఎంత లావుంటే పళ్ళ మధ్య అంత సందు. పక్క నుంచి చూసినప్పుడు ఎత్తు వీలైనంత తక్కువగా, బల్లపరుపుగా ఉన్న మెడని ఎంచుకోండి. వేళ్ళ మధ్య పెట్టి మెల్లగా నొక్కితే సులువుగా అణగాలి. పలుచని మెడ ఉన్న పీకలు వాడిన పిల్లల్లో ముందుపళ్ళ సందు తక్కువగా వచ్చిందని పరిశోధనల్లో కూడా తేలింది. గుండ్రంగా, పెన్సిలంత లావుగా, నొక్కితే అణగని మెడ ఉంటే దాని మీద ఏం రాసి ఉన్నా తిరిగి పెట్టేయండి.

రెండోది బుడిపె. ఇవి ముఖ్యంగా మూడు రకాలు. చెర్రీపండులా గుండ్రంగా ఉండేది పాతరకం. పైన ఉబ్బుగా, కింద చదునుగా, కొస కాస్త పైకి వంగి ఉండేది ఆర్థోడాంటిక్ రకం. రెండు వైపులా ఒకేలా చదునుగా ఉండేది మూడోది. ఆర్థోడాంటిక్ ఆకారం జర్మనీలో పుట్టింది. విల్‌హెల్మ్ బాల్టర్స్, అడాల్ఫ్ ముల్లర్ అనే ఇద్దరు దంతవైద్యులు చేసిన ఆలోచన అది, 1956లో నుక్ అనే పేరుతో బజారులోకి వచ్చింది. చదునైన బుడిపె అయితే నాలుక కాస్త పైనే ఉండగలదని, అంగిలి మీద ఒత్తిడి ఒక్కచోట పడకుండా పరుచుకుంటుందని వాళ్ళ ఉద్దేశం.

మరి అది నిజంగా పనిచేస్తుందా? గుండ్రటి పీకలతో పోలిస్తే ఈ రకం వాడిన పిల్లల్లో ఓపెన్ బైట్ కొంత తక్కువగా కనిపించిందని సమీక్షలు చెబుతున్నాయి. క్రాస్ బైట్ విషయంలో మాత్రం స్పష్టమైన తేడా కనబడలేదు. ఆ అధ్యయనాల్లో చాలావాటిని గట్టి ఆధారాలుగా పరిశోధకులే లెక్కవేయరు. ఆలోచిస్తే ఇది సబబుగానే ఉంది. ఆకారం ఎలా ఉన్నా బుడిపె నోట్లో ఉన్నంతసేపూ నాలుక చోటు నాలుకకి దక్కదు. కాబట్టి 'ఆర్థోడాంటిక్' అన్న మాటని కొంచెం తక్కువ హాని అని చదువుకోండి. పళ్ళని సరిచేస్తుందనో, ఎంతసేపైనా ఉంచొచ్చనో చదువుకోకండి, నేను చేసిన తప్పు అదే.

ఆర్థోడాంటిక్ రకానికి ఒక ఇబ్బంది ఉంది. దానికి పైనా కిందా ఉంటాయి. చీకట్లో తడుముకుంటూ తలకిందులుగా పెడితే, లేదా బిడ్డే నోట్లో తిప్పేసుకుంటే, ఉబ్బు భాగం నాలుక మీద కూర్చుని దాన్ని మరింత అణుస్తుంది. బిడ్డ తనే తీసి పెట్టుకునే వయసు వచ్చాక రెండు వైపులా ఒకేలా ఉండే చదును రకం, పలుచని మెడతో దొరికితే, నాకు అదే మేలనిపించింది.

మూడోది బిళ్ళ. ఇది ప్రాణాలకి సంబంధించిన భాగం. బిడ్డ నోటికన్నా పెద్దదిగా, కనీసం 38 మిల్లీమీటర్ల వెడల్పుతో ఉండాలి, లేకపోతే పీక మొత్తం లోపలికి పోవచ్చు. గాలి ఆడటానికి కనీసం రెండు రంధ్రాలుండాలి. పొరపాటున బిళ్ళ నోట్లోకి వెళ్ళి ఇరుక్కున్నా ఊపిరి ఆడేది వాటి గుండానే. ముఖం వంపుకి తగ్గట్టు వంగి, ముక్కు కింద కోత ఉన్న బిళ్ళ మంచిది. గట్టిగా చదునుగా ఉంటే పెదాలని పళ్ళ మీదికి నొక్కుతూ ఉంటుంది. పూసలు, బొమ్మలు, మెరుపులు అతికించినవి కొనకండి. ఊడితే గొంతులో పడతాయి. బరువైన బొమ్మ వేలాడుతుంటే, పీక జారిపోకుండా బిడ్డ మరింత గట్టిగా చప్పరించి పట్టుకోవాల్సి వస్తుంది, ఆ ఒత్తిడంతా దవడ మీదే. ఐరోపా ప్రమాణం ఈఎన్ 1400 లాంటి గుర్తింపు డబ్బా మీద ఉందేమో చూడండి. అది భద్రతకి హామీ ఇస్తుంది, పళ్ళవరసకి ఇవ్వదు.

పదార్థం గురించి ఎక్కువ ఆలోచించక్కర్లేదు. సిలికాన్ వాసన లేకుండా, వేడికి తట్టుకుని, ఆకారం పోకుండా ఉంటుంది. కానీ పన్ను గాటు పడితే అక్కడి నుంచి చిరుగుతుంది. రబ్బరు పాలతో చేసే లేటెక్స్ మెత్తగా సాగుతుంది, అయితే ఎండకీ లాలాజలానికీ ఉబ్బి జిగటబారుతుంది. కొందరికి అలర్జీ కూడా. మొత్తం ఒకే సిలికాన్ ముద్దగా పోసిన పీకల్లో విడిపోయే అతుకులు ఉండవు, అది మంచిదే. వాటిలో కొన్నిటికి మెడ లావుగా, గుండ్రంగా ఉంటుంది, అదొక్కటి చూసుకోండి.

సైజు వయసుని బట్టి ఉంటుంది, డబ్బా మీద రాసి ఉంటుంది. ఒక సైజు నుంచి ఇంకో సైజుకి మారిన ప్రతిసారీ మెడని మళ్ళీ మొదట్నుంచీ పరీక్షించండి.

4. ఇంట్లో వాడకముందు, వాడుతున్నప్పుడు

కొత్త పీకని మొదటిసారి అయిదు నిమిషాలు నీళ్ళలో మరిగించండి. చల్లారాక బుడిపెని పిండితే లోపల నీళ్ళు ఉంటే బయటికొస్తాయి. వేడినీళ్ళు లోపలే ఉండిపోతే నోరు కాలుతుంది. ఆరునెలల లోపు బిడ్డకి తరచూ ఇలా మరిగించాలి. ఆ తర్వాత సబ్బు, వేడినీళ్ళు సరిపోతాయి. నోట్లో తెల్లపూత వచ్చి మందు వాడుతుంటే, పీకని కూడా రోజూ మరిగించకపోతే ఆ పూత తిరిగి వస్తుంది.

ప్రతిరోజూ ఇచ్చేముందు బుడిపెని ఒక చేత్తో, బిళ్ళని ఇంకో చేత్తో పట్టుకుని అన్ని వైపులకీ లాగి చూడండి. గాటు, జిగట, రంగు మారడం, వదులు, ఏది కనిపించినా ఆ క్షణమే పారేయండి. ఏమీ కనిపించకపోయినా నెలకో రెండు నెలలకో మార్చడం మంచిది. తాడు కట్టి బిడ్డ మెడలో వేయడం, ఉయ్యాలకి కట్టడం ఎప్పుడూ వద్దు, మెడకి చుట్టుకుంటుంది.

పీకకి తియ్యటిదేదీ రాయకండి. మన భాషలో దీనికి తేనెపీక అనే పేరు కూడా ఉంది. ఆ పేరులోని తేనె పేరులోనే ఉండనివ్వండి. ఏడాది నిండని బిడ్డకి తేనె వల్ల బాట్యులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు రావచ్చు. ఏడాది దాటాక కూడా తేనె, పంచదార నీళ్ళు, జామ్ రాసిన పీక పై ముందుపళ్ళ వెనక గంటలకొద్దీ తీపిని పట్టి ఉంచుతుంది. అప్పుడే వచ్చిన పాలపళ్ళు చిగురు దగ్గర తెల్లచారలతో మొదలై, గోధుమరంగుకి తిరిగి, పొరలుగా రాలిపోతాయి.

కింద పడిన పీకని మన నోట్లో పెట్టుకుని తుడిచి ఇవ్వడం చాలామందికి అలవాటు. మన పళ్ళని పుచ్చబెట్టే సూక్ష్మజీవులు మన ఉమ్ముతోనే బిడ్డ నోటికి చేరతాయి. శుభ్రమైన పీక ఒకటి అదనంగా, మూతున్న డబ్బాలో వెంట ఉంచుకుంటే ఆ అవసరమే రాదు.

5. గంటలు లెక్కపెట్టండి

అన్ని అడుగుల్లో దీనికే నేను ఎక్కువ విలువిస్తాను. పళ్ళు జరగడానికి పెద్ద బలం అక్కర్లేదు. చిన్న ఒత్తిడే అయినా రోజులో చాలా గంటలు ఉంటే చాలు. రోజుకి దాదాపు నాలుగు నుంచి ఆరు గంటలకు మించి ఉండే ఒత్తిడికి పళ్ళు కదులుతాయని పళ్ళవరస వైద్యులు లెక్కగా చెబుతారు. క్లిప్పులు, తీగలు పళ్ళని సరిచేసేదీ ఈ సూత్రంతోనే. రోజుకి అరగంట గట్టిగా చప్పరించి వదిలేసే బిడ్డకన్నా, మెల్లగానే అయినా రాత్రంతా నోట్లో ఉంచుకునే బిడ్డకి ప్రమాదం ఎక్కువ.

ఒక్కరోజు కాగితం మీద రాసి చూడండి. పీక నోట్లోకి వెళ్ళిన సమయం, బయటికొచ్చిన సమయం, అంతే. నేను రాసిన రోజు రాత్రి నిద్రతో కలిపి తొమ్మిది గంటలు దాటింది. నేనైతే అప్పటిదాకా 'నిద్రకి మాత్రమే ఇస్తున్నాను' అనే అనుకుంటున్నాను. కారులో, టీవీ ముందు, ఫోను మాట్లాడేటప్పుడు కాస్త ఊరుకుంటుందని ఇచ్చిన చిన్నచిన్న ముక్కలన్నీ కలిసి అంతయ్యాయి.

లెక్క తెలిశాక తగ్గించడం సులువు. పీకని మంచం దగ్గర డబ్బాలోనే ఉంచండి, అది గదుల వెంట తిరగకూడదు. బిడ్డ ఏడిస్తేనే, నిద్రకే ఇవ్వండి. మెలకువగా ఆడుకుంటున్నప్పుడు నోరు ఖాళీగా ఉండాలి. బిడ్డ 'బ బ', 'త త' అంటూ కూనిరాగాలు తీసేది, బొమ్మని నోట్లో పెట్టుకుని తిప్పి చూసేది, నాలుక అంగిలిని తాకడం నేర్చేది అప్పుడే. బిడ్డ గాఢనిద్రలోకి వెళ్ళాక చప్పరింపు ఆగి దవడ వదులవుతుంది, అప్పుడు మెల్లగా పీక తీసేయండి. తనే జారిపోతే మళ్ళీ పెట్టకండి. ఈ ఒక్క అలవాటుతో రాత్రి లెక్కలో గంటలకు గంటలు తగ్గిపోతాయి.

6. నెలకోసారి నోట్లోకి తొంగిచూడండి

ఇద్దరు పెద్దవాళ్ళు మోకాళ్ళు ఆనించుకుని ఎదురెదురుగా కూర్చోండి. బిడ్డ ఒకరి వైపు ముఖం పెట్టి వాళ్ళ నడుముకి అటూ ఇటూ కాళ్ళు వేసుకుని, తల రెండోవాళ్ళ ఒడిలోకి వాల్చి పడుకోవాలి. తల దగ్గరున్నవాళ్ళు టార్చి వెలుగులో పెదవి పైకెత్తి చూడాలి. దంతవైద్యులు కూడా పసివాళ్ళని ఇలాగే చూస్తారు. బిడ్డకి కూడా తెలిసిన ముఖం ఎదురుగా కనిపిస్తూ ఉంటుంది కాబట్టి బెదిరిపోదు.

ఏం చూడాలంటే: వెనకపళ్ళు కలిపినప్పుడు ముందుపళ్ళు కలుస్తున్నాయా, మధ్యలో సందుందా? పై దవడపళ్ళు కిందివాటికి బయటి పక్కన ఉన్నాయా, ఎక్కడైనా లోపలికి పడ్డాయా? నోరు మూస్తున్నప్పుడు గడ్డం నడిమి నుంచి ఒక పక్కకి జరుగుతోందా? అంగిలి వెడల్పుగా ఉందా, సొరంగంలా ఇరుగ్గా లోతుగా ఉందా? చిగురు దగ్గర తెల్లచారలున్నాయా? పెదాలు ఊరికే ఉన్నప్పుడు మూసుకునే ఉంటున్నాయా? దవడపళ్ళు రానిదే క్రాస్ బైట్ తెలియదు, కాబట్టి ఏడాదిన్నర దాటాక ఈ చూపు మరింత జాగ్రత్తగా చూడండి. మొదటి పన్ను సాధారణంగా ఆరునెలల ప్రాంతంలో వస్తుంది, మూడేళ్ళలోపు ఇరవై పాలపళ్ళూ వచ్చేస్తాయి. మొదటి పుట్టినరోజు లోపే ఒకసారి దంతవైద్యులకి చూపించాలి. ఆ రోజు పీకని కూడా వెంట తీసుకెళ్ళండి. నోటిని, పీకని పక్కపక్కన పెట్టి చూస్తే వైద్యులకి ఒక్క చూపులో చాలా తెలుస్తుంది.

7. మాన్పించే తేదీ ముందే అనుకోండి

ఆరునెలలు దాటాక తగ్గించడం మొదలుపెట్టండి. ఆ వయసు తర్వాత పీక వాడకానికీ మధ్యచెవి ఇన్‌ఫెక్షన్లకీ సంబంధం ఉంది. ఏడాది నిండేసరికి నిద్రకే పరిమితం చేయండి. పద్దెనిమిది నెలలు దాటి వాడితే పళ్ళవరస, దవడల ఎదుగుదల మీద ప్రభావం పడుతుందని అమెరికా పిల్లల దంతవైద్యుల అకాడమీ చెబుతోంది. మూడేళ్ళు, లేదా ఇంకా ముందే, పూర్తిగా ఆపేయమని వాళ్ళ సలహా. నన్నడిగితే ఏడాదికీ ఏడాదిన్నరకీ మధ్యే ముగించడం మేలు. నిద్రలో హఠాన్మరణం భయం అప్పటికి తీరిపోతుంది, మొండితనం ఇంకా పూర్తిగా మొదలవదు, దవడపళ్ళు అప్పుడే వస్తుంటాయి.

మాన్పించే పద్ధతులు చాలా చెబుతారు. పగటి నిద్రకి ముందు ఆపి, వారం పదిరోజుల తర్వాత రాత్రికి ఆపడం మా ఇంట్లో పనిచేసింది. పీక చోటులో ఇంకేదో ఉండాలి. ఒక మెత్తటి గుడ్డబొమ్మ (ఏడాది దాటాకే పక్కలో ఉంచాలి), ప్రతిరోజూ అదే లాలిపాట, వీపు మీద నెమ్మదిగా నిమరడం, ఏదైనా సరే, రోజూ ఒకటే అయి ఉండాలి. మొదటి మూడు నాలుగు రాత్రులు కష్టంగా ఉంటుంది. జ్వరం, కొత్త ఇల్లు, కొత్త తమ్ముడో చెల్లెలో వచ్చిన రోజులు ఎంచుకోకండి.

బుడిపె కొస కత్తిరించి ఇస్తే చప్పరించలేక వదిలేస్తారని ఒక చిట్కా తిరుగుతుంటుంది. చేయకండి. కోసిన చోటు నుంచి ముక్కలు ఊడి గొంతులో పడతాయి. చేదు పూయడం, నలుగురిలో వెక్కిరించడం కూడా వద్దు. భయపెట్టి మాన్పిస్తే బిడ్డ చాటుగా బొటనవేలికి మారుతుంది. బొటనవేలు మరింత చిక్కు. అది మీటలా పనిచేసి పైపళ్ళని ముందుకీ కిందిపళ్ళని వెనక్కీ నెడుతుంది, పైగా దాన్ని డబ్బాలో పెట్టి దాచలేం.

8. సందు ఇప్పటికే వచ్చేసి ఉంటే

బెంబేలు పడకండి. ముందు అలవాటు ఆపండి, వైద్యం మాట తర్వాత. రెండు మూడేళ్ళ లోపు మానేస్తే ముందుపళ్ళ సందు చాలామంది పిల్లల్లో దానంతటదే మూసుకుంటుంది. అడ్డు తొలగితే పళ్ళు ఎదుటి పన్ను తగిలేదాకా వాటంతటవే వస్తాయి. క్రాస్ బైట్ మాత్రం అంత సులువుగా వదలదు. గడ్డం పక్కకి జరుగుతున్నా, దవడపళ్ళు లోపలికి పడినా ఆలస్యం చేయకుండా పిల్లల దంతవైద్యులకి చూపించండి. చిన్న వయసులో పైదవడని వెడల్పు చేయడం పెద్దయ్యాక కన్నా తేలిక.

సందు మూసుకోకుండా మొండికేస్తే నాలుకని అనుమానించాలి. సందు అలవాటైన నాలుక మింగేటప్పుడల్లా ముందుకొచ్చి దాన్ని తెరిచే ఉంచుతుంది. 'స', 'శ' పలికేటప్పుడు నాలుక కొస పళ్ళ మధ్య కనిపిస్తే వైద్యులకి ఆ మాట చెప్పండి. ఎప్పుడూ నోటితోనే గాలి పీలుస్తుంటే, నిద్రలో గురక పెడుతుంటే అదీ చెప్పండి, ముక్కు వెనక గ్రంథులు వాచాయేమో చూడాలి.

వైద్యుల దగ్గరికి వెళ్ళేటప్పుడు మూడు సంగతులు రాసుకెళ్ళండి: ఏ నెలలో మొదలుపెట్టారు, రోజుకి ఎన్ని గంటలు, ఏ నెలలో ఆపారు. మా అమ్మాయికి పీక ఆపిన రోజు నుంచి నెలకో ఫొటో తీశాను, పళ్ళు కలిపి, పెదాలు విడదీసి, ఎదురుగా నిలబెట్టి. మొదటి రెండు ఫొటోల్లో తేడా ఏమీ కనబడలేదు, చాలా దిగులుపడ్డాను. నాలుగో నెల ఫొటోలో సందు సగమైంది. ఎనిమిదో నెలలో మళ్ళీ ఒక బ్రెడ్డు ముక్క చేతికిచ్చాను. ముందుపళ్ళతో కొరికింది, అంచున రెండు చిన్న పంటిగాట్లతో ముక్క తెగి వచ్చింది.